మూడో నీళ్లు

పోయిన వారం గంగాభవానిని వీధి గుమ్మంలో నిలబెట్టి వదిలాం. చేతిలో మోవా బజారు నుంచి తెచ్చిన డబల్ రొట్టెల సంచి, ఎండకి కందిపోయిన మొహం, ఎదురుగా ఖాళీ బల్ల. పొద్దున ఆమె బయల్దేరేటప్పుడు ఆ బల్లమీద ఎలక్ట్రిక్ గ్రిల్లు ఉంది. ఇప్పుడు లేదు. పెరట్లో కుళాయి చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

ఆ గ్రిల్లు ఆ ఇంటిది కాదు. హెడ్డు క్లర్కు గారి భార్య భ్రమరాంబ గారు నాగపూర్‌లో కొనుక్కున్న వస్తువు. వేసవి సాయంత్రాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి పిల్లలు ఆటలకీ, పెద్దవాళ్లు క్యారమ్స్‌కీ వస్తారు. వాళ్లకి వేడివేడిగా ఏదైనా చేసిపెట్టే బల్ల ఒకటి ఉండాలని కమిటీ వాళ్లు అనుకున్నారు. ఆ బల్ల గంగాభవానికి ఇప్పించాలని భ్రమరాంబ గారికి తోచింది. మూడు రోజులు అలవాటు చేసుకోమని గ్రిల్లు చేతికిచ్చింది. ఈ సాయంత్రం ఆరు గంటలకి కమిటీ ముందు రొట్టెలు కాల్చి చూపించాలి. వాళ్లు ఒప్పుకుంటే బల్ల ఆమెది.

టెక్కలి దగ్గర పల్లెలో పదో తరగతి దాకా చదువుకున్న పిల్ల, వ్యాగన్ వర్క్‌షాపు ఫిట్టరు సూరిబాబుని చేసుకుని ఎనిమిది నెలల కింద రాయపూర్ వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఇల్లు అత్తది, వంటిల్లు అత్తది, పక్కింటివాళ్లతో మాట్లాడే హిందీ మొగుడిది. తనదని చెప్పుకోవడానికి దొరకబోతున్న మొదటి వస్తువు ఆ బల్లే.

గంగాభవాని పెరటి గడప దాటేసరికి అత్త దాలమ్మ కుళాయి గట్టు మీద గొంతుక్కూర్చుని ఉంది. ఆమె ముందు గ్రిల్లు నోరు తెరుచుకుని ఉంది. కరెంటు వైరు చుట్టగా చుట్టి పక్కన పెట్టి ఉంది. గట్టంతా బూడిద మరకలు, నలిగిపోయిన కొబ్బరి పీచు. దాలమ్మ కుడిచేతిలో నిండు చెంబు పైకి లేచి ఉంది.

ఆ చెంబు ఎందుకు లేచిందో తెలియాలంటే ఆ ఇంటి పద్ధతి తెలియాలి. దాలమ్మ దగ్గర ఏ గిన్నెకైనా మూడు నీళ్లు. మొదటి నీళ్లు బూడిదతో తోమడానికి. రెండో నీళ్లు ఆ బూడిద వదలడానికి. మూడో నీళ్లు పైనుంచి ధారగా పొయ్యాలి, ఆ ధారలోనే గిన్నెని ఒకసారి తిప్పి బోర్లించాలి. మూడో నీళ్లు పడేదాకా ఎంత తళతళలాడినా అది ఎంగిలి గిన్నే. దాన్ని ఇంట్లోకి తేకూడదు, అందులో వండకూడదు, వండినా ఆమె తినదు. ముప్పై ఏళ్ల కింద సోంపేట నుంచి మొగుడి వెంట రైలెక్కి వచ్చినప్పుడు ఆమెతో వచ్చిన పద్ధతి అది. మొగుడు పోయాడు, క్వార్టరు మారింది, కొడుక్కి ఉద్యోగం వచ్చింది. కుళాయి రోజుకి ముప్పావు గంట వచ్చే మే నెలలో కూడా మూడు నీళ్లు రెండు కాలేదు. పక్క క్వార్టర్ల ఛత్తీస్‌గఢీ ఆడవాళ్లు ఆమెని వెనకాల తీన్‌పానీ అమ్మ, మూడు నీళ్ల అమ్మ, అంటారు. ముందు కూడా అంటారు. ఆమెకి కోపం రాదు.

గంగాభవాని సంచి ఎక్కడ వదిలిందో ఆమెకే తెలియదు. మూడంగల్లో వెళ్లి అత్త మణికట్టు పట్టుకుంది. చెంబులో నీళ్లు తొణికి ఇద్దరి చీరల మీదా పడ్డాయి గాని గ్రిల్లు మీద పడలేదు.

"వద్దత్తా," అంది.

ఆ పిల్ల నోట వద్దు అన్న మాట ఆ ఇంట్లో వినపడటం అదే మొదలు. దాలమ్మ ముందు కోడలి మొహం చూడలేదు. తన మణికట్టు చూసుకుంది.

"నా సెయ్యి ఒట్టుకున్నావా?"

గంగాభవాని చప్పున వదిలేసింది. వదిలేసి గ్రిల్లుని రెండు చేతులా ఎత్తి వంచింది. ఓ పక్క సందులోంచి బూడిదనీళ్లు సన్నగా కారాయి. లోపల ఎంత ఉన్నాయో తెలియదు. పై పళ్లెం మూల రెండు వేళ్ల వెడల్పున నలుపు పోయి వెండిలా మెరుస్తోంది.

ఆ మెరుపు చూడగానే ఆమెకి తన నోటు పుస్తకం గుర్తొచ్చింది. గ్రిల్లు ఇచ్చిన రోజున భ్రమరాంబ గారు దాంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి ఒక్కొక్కటే తెలుగులో చెబుతుంటే గంగాభవాని నోటు పుస్తకంలో రాసుకుంది. ప్లగ్గు తీసి, గోరువెచ్చగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడవాలి. పీచు గాని, ఇనప గరిట గాని తగలనివ్వకూడదు. నీళ్లలో ముంచకూడదు, మీద పొయ్యకూడదు. కింద జిడ్డు పడే చిన్న పళ్లెం ఒక్కటే విడిగా తీసి కడగాలి. ఇవన్నీ ఆ పిల్లకి కంఠతా వచ్చు. ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పాలన్న ఆలోచనే రాలేదు. ఎవరైనా దాన్ని కడుగుతారని ఆమె ఎందుకు అనుకుంటుంది?

దాలమ్మ మాత్రం తప్పు చేసిన మనిషిలా లేదు. మోచేతులదాకా బూడిదతో, పొద్దుట్నించీ చాకిరీ చేసి అలిసిన మనిషిలా ఉంది.

"ఏటా సూపు? దొంగతనం సేసినట్టు సూత్తావేటి? అంత పెద్దింటోల్లు, ఏళ్లతరబడి తోమనేదు కావాల, రెండు పళ్లేలూ నల్లగా మాడిపోయున్నాయి. ఇలాటిది నలుగురి ముందుకీ ఎలా అట్టికెల్తావు? సూడు, ఇక్కడ తెలుపు దిగింది. మిగిలింది సాయంత్రంలోగా దింపేత్తాను."

గంగాభవానికి నవ్వు రావలసిన చోట ఏడుపు వచ్చింది. అది మాడు కాదని, కొన్నప్పుడే నల్లగా ఉంటుందని, రొట్టె అంటుకోకుండా కంపెనీ వాళ్లు వేసిన పూత అని, మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. దాలమ్మ విన్నది. పళ్లెం మీద బూడిదచేత్తో ఒకసారి రాసి చూసింది. ఆమె మొహంలో పొద్దుటి అలసట ఒక్కసారిగా వయసులా మారిపోయింది. కాని ఆ మనిషి ఓడిపోయినట్టు ఒప్పుకునే రకం కాదు. పూతైతే పూతే, తనకి తెలీలేదు, అయినా రెండు నీళ్లు పడి మూడో నీళ్లు పడని వస్తువు ఇంట్లోకి రావడానికి వీల్లేదు అంది. సగం కడిగిన దానికంటే అసలు కడగనిదే నయం అంది. మళ్లీ చెంబు కోసం చెయ్యి చాపింది.

ఈసారి గంగాభవాని ఆ చెయ్యి పట్టుకోలేదు. గ్రిల్లుని చంటిపిల్లలా గుండెలకి ఆనించుకుని నిలబడింది. మూడు రోజులుగా లోపల ఉన్న మాట బయటికి వచ్చేసింది.

"మూడ్రోజుల్నించి నేను కాల్చిన రొట్టె ఒక్క ముక్క ముట్టలేదు నువ్వు. నీకు ఇష్టం లేకపోతే ఆ మాట చెప్తే సరిపోయేదత్తా. ఇలా పాడు చెయ్యక్కర్లేదు."

పాడు అన్న మాట అనేశాక తెలిసింది, అది ఎంత పెద్ద మాటో. కుళాయి దానంతటదే ఆగిపోయింది. నీళ్ల టైము అయిపోయింది. దాలమ్మ చెంబు కింద పెట్టి, చేతులకున్న బూడిద చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది. అలా ఆమె ఎప్పుడూ చెయ్యదు.

"తిందామనే కడిగినానే," అంది.

ఆ తరవాత ఆమె చెప్పిందంతా ఒక వరసలో చెప్పలేదు. గట్టు మీద ఎండిన బూడిదని గోటితో గీస్తూ, సగం కోడలికీ సగం ఆ గట్టుకీ చెప్పింది. మొదటి రోజు వెన్న వాసన వచ్చినప్పుడు వంటింటి తలుపు వెనక నిలబడి చూసిందట. లోపల బంగాళాదుంప కూర పెట్టి మూత నొక్కితే సూయ్ మందట. సూరిబాబు నాలుగు తిన్నాడు, పక్కింటి నూకరాజుకి రెండు పట్టుకెళ్లి ఇచ్చాడు. తనకీ తినాలనిపించింది. కాని ఆ పెట్టె ఎప్పుడూ నీళ్లు చూడలేదు, కోడలు గుడ్డతో తుడిచి మూసెయ్యడమే చూస్తోంది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆమెకి నిద్ర పట్టలేదు. కమిటీ వాళ్లు తింటారు, కాలనీ అంతా తింటుంది. ఇంట్లో అత్త మాత్రం ముట్టదని తెలిస్తే, సొంత అత్తకే పనికిరాని తిండి మనకెందుకు అనరా నలుగురూ?

"నీల్లు సూడని దాంట్లో వొండింది నాను తిన్ను. నివ్వు వొండింది తినకుండా ఉండనేను. మరేటి సెయ్యమంటావు?"

గంగాభవాని గ్రిల్లు పట్టుకునే గట్టు మీద కూర్చుంది. అత్త పక్కన, అంత దగ్గరగా, ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. ఆ పిల్ల మౌనంగా ఉందంటే ఏదో వెతుక్కుంటోందని అర్థం. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో ఆమె చేసిన పనల్లా చూడటమే. దాలమ్మ ఏ రోజు ఏది ఎలా కడుగుతుందో దాలమ్మకన్నా ఆమెకే బాగా తెలుసు.

"శుక్రవారం నాడు సింహాచలం అప్పన్న పటం ఎలా కడుగుతావత్తా?"

"పటాన్ని కడుగుతారేటే పిచ్చిదానా? తడిగుడ్డతో తుడుత్తారు గాని. నీల్లు పోత్తే బొమ్మ సెడిపోదా..."

దాలమ్మ అక్కడ ఆగిపోయింది. కోడలి వైపు తిరిగింది. గంగాభవాని మాత్రం చేతిలో ఉన్న గ్రిల్లు కేసే చూస్తోంది.

"తడిగుడ్డతో తుడిచాక ఆ పటానికి దండం పెడతావు కదత్తా. ఎంగిలి పటం అనుకోవు కదా."

దాలమ్మ లేచి మోకాళ్లు తడుముకుంటూ, మాట్లాడనోల్లతో ఒచ్చే సిక్కు ఇదే అని గొణుక్కుంటూ, పాత పంచె ఒకటి వెతకడానికి లోపలికి వెళ్లింది. ఒకటి కాదు, మూడు ముక్కలు చింపుకుని వచ్చింది.

గుడ్డల సంగతి తేలింది గాని లోపలి నీళ్ల సంగతి తేలాలి. గంగాభవాని నూకరాజుని పిలుచుకొచ్చింది. అతను రైలు పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు చూసే సెక్షన్‌లో పనిచేస్తాడు. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే ఒక కునుకు తీసి లేచాడు. గ్రిల్లుని చూశాడు, గట్టు మీద బూడిద చూశాడు, దాలమ్మని చూశాడు.

"దీనిక్కూడా తలంటు పోసేసేవా పిన్నీ? కుంకుడుకాయ పులుసు మర్చిపోయినట్టున్నావు."

దాలమ్మ అతన్ని నోరు మూసుకుని పని చూడమంది. నూకరాజు అడుగున నాలుగు స్క్రూలు విప్పి రేకు తీస్తే లోపల గుక్కెడు నీళ్లు ఉన్నాయి. వాటిని వంచేసి, తీగల మీద ఊది, అదృష్టం బాగుందని చెప్పాడు. మూడో చెంబు కూడా పడి ఉంటే తీగలు కలిసే చోటికి చేరేవట. ఆ మాటకి అత్తాకోడళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. విప్పింది విప్పినట్టే ఎండలో పెట్టమని, నాలుగింటికి తను వచ్చి పరీక్ష చేసేదాకా ప్లగ్గు జోలికి వెళ్లొద్దని చెప్పి వెళ్లాడు.

రాయపూర్ ఎండని తిట్టని రోజు లేదు మే నెలలో. ఆ రోజు మాత్రం ఎవరూ తిట్టలేదు. నులక మంచం మీద గ్రిల్లుని పరిచి, దాలమ్మ తల మీద తడి తువ్వాలు వేసుకుని పక్కనే నీడలో కూర్చుంది. వడియాలు తిప్పినట్టు అరగంటకోసారి పళ్లేలని ఆ వైపూ ఈ వైపూ తిప్పింది. గంగాభవాని లోపల బంగాళాదుంపలు ఉడకేసి, గుమ్మంలో కూర్చుని నోటు పుస్తకంలోవన్నీ చదివి వినిపించింది. దాలమ్మ ప్రతి దానికీ ఒక సవరణ చెప్పింది. తడిగుడ్డ అంటే ఎంత తడి? నీళ్లు కారకూడదు, అలాగని పొడిగానూ ఉండకూడదు. పటానికైతే పిండి పిండి, చెంపకి ఆనించి చూసుకుంటుంది తను. చెంప చల్లబడాలి గాని తడవకూడదు. గంగాభవాని అది కూడా పుస్తకంలో రాసుకుంది.

పై మూత, కింది పళ్లెం కలిసే కీలు దగ్గర సన్నటి సందు ఒకటి ఉంది. అక్కడికి గుడ్డ పోదు. దాలమ్మ చీపురుపుల్ల విరిచి, దాని కొసకి గుడ్డపీలిక చుట్టి, లోపలికి పోనిచ్చి తిప్పింది. గోధుమరంగు మడ్డి ఉండలా వచ్చింది. వెన్న, రొట్టెపొడి, ఏ కాలం నాటివో.

"ఇదీ మాడంటే," అంది తృప్తిగా. "ఉన్న సోట తోమనేదు, నేని సోట తోమేను."

నాలుగింటికి నూకరాజు వచ్చాడు. టెస్టు ల్యాంపు పెట్టి చూశాడు, వైరు పట్టుకుని చూశాడు, రేకు బిగించాడు. ఇద్దర్నీ దూరంగా జరగమని ప్లగ్గు పెట్టాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. గంగాభవాని అత్త కొంగు పట్టుకున్న సంగతి అత్తకి తెలుసు, ఆమెకి తెలియదు. తరవాత ఎర్రదీపం వెలిగింది.

వేడెక్కి, ప్లగ్గు తీసి, మళ్లీ గోరువెచ్చగా అయ్యాక దాలమ్మ తన మూడు గుడ్డలూ అందుకుంది. మొదటిది సబ్బునీళ్లలో పిండింది. రెండోది మంచినీళ్లలో. మూడో గుడ్డ కొత్త నీళ్లలో తడిపి, పిండి, చెంపకి ఆనించుకుని, ఒకే వాటంగా ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచింది. తుడిచి, ఆగి, ఒప్పుకున్నట్టు తల ఊపింది. నలుపు పోయిన మూల రొట్టె అంటుకుంటుందని గంగాభవాని భయపడితే, కొత్త పెనానికి చేసేదే దీనికీ అంటూ సగం కోసిన ఉల్లిపాయని నువ్వుల నూనెలో ముంచి ఆ మూల రుద్దింది. మళ్లీ వేడి చేసి, మళ్లీ రుద్దింది. అలా మూడుసార్లు. ఆమెకి అన్నీ మూడే.

మొదటి రొట్టె ఆమెకే. గంగాభవాని కూర పెట్టి, మూత నొక్కి, సూయ్ మన్నాక చెక్క గరిటతో తీసింది. అంటుకోలేదు. మధ్యకి కోసి ఇత్తడి పళ్లెంలో పెట్టి ఇచ్చింది. దాలమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని తిన్నది. సగం తిని, ఉప్పు తగ్గిందంది. రెండో సగం కూడా తిని, పళ్లెం ముందుకి జరిపి, ఇంకోటి ఎయ్యి, ఉప్పు సరిపోయిందో నేదో సూత్తాను అంది. గంగాభవాని కూరలో ఉప్పేమీ కలపకుండానే ఇంకోటి వేసింది. అత్త అదీ తిని, ఇప్పుడు బాగుందంది.

ఐదింటికి భ్రమరాంబ గారు వచ్చింది.

చేతిలో ఒక మడత కాగితం ఉంది. కమిటీ కార్యదర్శి రామమూర్తి గారు ముందే పేరు రాసి పంపమన్నారట, ఆరింటికి రుచి చూసి సంతకం పెట్టేస్తారట. అలా చెబుతూనే ఆమె గ్రిల్లు మూత ఎత్తింది. కీలు దగ్గర వేలు పెట్టి చూసుకుంది, వేలికేమీ అంటలేదు. తరవాత ఆమె చూపు తెల్లబడ్డ మూలకి వెళ్లింది.

"ఇది ఎవరు తోమారమ్మా?"

గంగాభవాని ఈ ప్రశ్న కోసం మధ్యాహ్నం నుంచీ జవాబు సిద్ధం చేసుకుంది. ఎవరి పేరూ బయటపెట్టకూడదనుకుంది.

"నేనేనండి. పొరపాటున పీచు తగిలింది."

"కాదమ్మగారూ," అంది దాలమ్మ వంటింట్లోంచి వస్తూ. "అది అబద్దమాడతంది. అదింట్లో నేనప్పుడు నానే తోమేను. మాడనుకున్నాను. రెండు సెంబులు నీల్లు కూడా పోసేను."

భ్రమరాంబ గారు స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం వచ్చిందో లేదో తెలియని మొహం ఆమెది. మిగతాది కూడా చెప్పమంది. దాలమ్మ ఏదీ దాచలేదు. బూడిద, కొబ్బరి పీచు, నూకరాజు, నులక మంచం, మూడు గుడ్డలు, చీపురుపుల్ల, ఉల్లిపాయ. ఆ సందులోంచి తీసిన మడ్డి ఎంత ఉందో చిటికెన వేలి కొస పెట్టి చూపించింది. అది మాత్రం మీ ఇంటిదే అమ్మగారూ, మాది కాదు అని కూడా అంది. గంగాభవానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

భ్రమరాంబ గారి పెదవి ఒక పక్కకి కదిలి ఆగిపోయింది. ఇంకొకరి వస్తువు చేతికిస్తే దానికి ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పే మనిషి కావాలని, రొట్టెలు కాల్చడం ఎవరైనా నేర్చుకోవచ్చని, కమిటీ వాళ్లు మొదట్నించీ అంటున్నది అదేనని నెమ్మదిగా చెప్పింది. కాగితం మడత విప్పి బల్లమీద పరిచింది. పేరు కోసం వదిలిన ఖాళీ ఒక్కటే ఉంది. పెన్ను తీసి రాయడం మొదలుపెట్టింది.

గంగాభవాని బల్లకి ఈవల నిలబడి ఉంది. అక్షరాలు తలకిందులుగా కనపడుతున్నాయి, పైగా హిందీవి. అయినా ఆరో తరగతిలో పాపయ్య మేష్టారు చింతబరికె పట్టుకుని దిద్దించిన అక్షరాలే. మొదటిది 'గం' కాదు. పెన్ను 'దా' రాసింది. ఆగకుండా పక్కనే 'ల' రాసింది.

దాలమ్మకి చదువు రాదు. ఆమె కాగితం కేసి చూడలేదు, కోడలి మొహం కేసి చూసింది. రాత అక్కడే తెలుస్తుందన్నట్టు దగ్గరికి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నీ పేరు రాసీసింది కదే?" అంది, సంతోషం ఆపుకోలేక గొంతు తగ్గించి. "ఏదీ, నాకోసారి సదివి సెప్పు."